నడి గోదారిలో నీలిచుక్క

మా బండి పోయింది. అందులో వింతేం లేదు, బండ్లు పోతూనే ఉంటాయి. వింతల్లా ఏమిటంటే, అది పోతున్న ప్రతి నిమిషం నాకు తెలుసు. ఎంత వేగంతో పోతోందో తెలుసు, ఏ మలుపు తిరిగిందో తెలుసు, బ్యాటరీలో ఎంత ఛార్జింగ్ ఉందో కూడా తెలుసు. మా తాతగారి ఎడ్లు పోయినప్పుడు, తెల్లారి పాకలోకి వెళ్తేగానీ ఆయనకు సంగతి తెలియలేదట. అదృష్టవంతులు, రాత్రంతా హాయిగా నిద్రపోయారు.

నా బండి సీటు కింద అగ్గిపెట్టెంత జీపీఎస్ పెట్టె ఒకటి ఉండేది. దాని పనితనాన్ని తక్కువ చేయను. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, కనీసం నాలుగింటి లెక్క కలిస్తే బండి ఎక్కడుందో తేలుస్తుంది. ఉపగ్రహాలకు మన బండి ఊసే తెలియదు. ఆ లెక్కను మోసుకొచ్చి మన ఫోన్లో పడేసేది పెట్టెలోని సిమ్. బండి కుదిపినా మోగుతుంది, జరిపినా మోగుతుంది, వైరు తెంపినా మోగుతుంది. ఇంకో వైరుని రిలేకి, అంటే ఇంజన్‌కి కరెంటు తెంపే స్విచ్చుకి, కలిపితే మంచం దిగకుండానే ఇంజన్ ఆపేయొచ్చు.

"ఇంక గుండెల మీద చెయ్యేసుకుని పడుకోండి, ఆయ్!" అన్నాడు బిగించిన కుర్రాడు. అలాగే పడుకున్నాను. గుండె ఎంత స్పీడుగా కొట్టుకుంటోందో చూసుకోడానికి ఆ చెయ్యి బాగా పనికొచ్చింది. ఎందుకంటే కొబ్బరి మట్ట రాలితే మోగింది. పిల్లి సీటెక్కి ఒళ్లు విరుచుకుంటే మోగింది. కాలవగట్టు మీద ధాన్యం లారీ వెళ్తే మోగింది. "సెన్సిటివిటీ తగ్గిస్తానండి" అని ఏదో నొక్కాడు. ఆ తర్వాత పక్కింటి గేదె వచ్చి వీపు రుద్దుకున్నప్పుడు మాత్రమే మోగేది. "ఆ గేదెకే ఓ సిమ్ వేయించకపోయారా" అంది మా ఆవిడ. (2022 మే నెలలో కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు గుర్తుందా? అప్పటికి పెట్టె నా దగ్గర లేదు. ఉన్నా దానికి నోరు పెగిలేది కాదు.)

సరే, అసలు రోజుకొద్దాం.

తెల్లవారుజామున మోగింది. గేదె కాదు. బండి లేదు. ఫోన్లో నీలిచుక్క రేవు వైపు పోతోంది. చొక్కా తగిలించుకుని, పక్కింటాయన బండెక్కి స్టేషన్‌కి చేరేసరికి చుక్క వశిష్ఠ గోదారిలోకి దిగి, సరిగ్గా నడిమధ్య ఆగిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, రేవు దాటించే మొదటి పంటు, నీళ్లు వెనక్కి తీసే పాటు వేళలో బయల్దేరి ఇసుక మేటెక్కి కూర్చుంది. దొంగ, నా బండి, ఒక పాల క్యాను, నలుగురు ప్రయాణికులు. ఎటూ పోయే వీల్లేదు. ఇంతకన్నా భద్రంగా దొరికిన దొంగ జిల్లా చరిత్రలోనే ఉండడు.

ఏ జిల్లా? అక్కడే వచ్చింది చిక్కు.

స్టేషన్లో ఉన్నాయన ఫోన్ అందుకుని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు. "ఇది నీళ్లలో ఉందండీ."

"పంటు మీదుందండి."

"పంటెక్కడుంది?"

"నీళ్లలో."

"నేనూ అదే కదండీ అంటున్నాను."

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక ఇటు కోనసీమ, అటు పశ్చిమ గోదావరి. మ్యాపులో నది మధ్యన చుక్కలు చుక్కలుగా గీత. మా చుక్క వెళ్లి ఆ చుక్కల మీద కూర్చుంది. పైగా జీపీఎస్‌కి ఒక గుణం ఉంది, బండి కదలకపోయినా కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా జిల్లా మారుతోంది.

"అదిగో మనదైంది! రాసుకోండి సార్!"

"ఉండండుండండి... మళ్లీ వెళ్లిపోయింది."

అవతలి స్టేషన్‌కి ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టారు, నేనూ వినాలని. "బండి ఎక్కిన రేవు ఎవరిది?" అన్నారు అవతలివారు. మాదే. "అయితే మీదే." "దిగే రేవు మీదిగా?" అన్నారు ఇవతలివారు. "ఇంకా దిగలేదుగా!" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆలోచించి అవతలివారే అడిగారు: "ఇంతకీ మొహం ఎటుంది?"

"పంటు మొహమా, బండి మొహమా?"

ఈ మీమాంస నలభై నిమిషాలు నడిచింది. టీ వచ్చింది. అక్కడ నాలుగు ఉపగ్రహాలు ఒక్క మాట మీదున్నాయి, ఇక్కడ రెండు స్టేషన్లకు మాట కుదరడం లేదు. చేతులూరుకోక నేను ఇంజన్ ఆపే బటన్ నొక్కాను. "మీ వాహనం విజయవంతంగా నిలిపివేయబడింది" అని వచ్చింది. కదలని పంటు మీద, ఎప్పుడో ఆపేసిన ఇంజన్ని మళ్లీ ఆపిన ఘనత నాది.

పోటొచ్చింది, పంటు తేలింది, చుక్క అవతలి గట్టెక్కింది. అక్కడ బండి స్టార్టవదు కదా, నేను ఆపేశాను కదా! నిజంగానే స్టార్టవలేదు. రేవులోవాళ్లు తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పారు. "పాపం, కుర్రోడు కిక్కు కొట్టి కొట్టి చెమటలు కక్కుకుంటంటే సూడలేక మేమే తోసామండి బాబూ!" తోసి, దగ్గర్లో మెకానిక్ షెడ్డు దాకా చేర్చారు. మెకానిక్ సీటు లేపి, "ఇదేదో అడ్డం పెట్టె ఉందండీ, దీనివల్లే" అని వైరు కోసి, సరిచేసి, యాభై రూపాయలు పుచ్చుకున్నాడు. గోదారోళ్ల మర్యాద గురించి వేరే చెప్పాలా! "వైరు తెంపబడింది" అని నాకు చివరి కబురు. అంతే, చుక్క ఆరిపోయింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ స్టేషన్ వరండాలో బెంచీ చివర ఒకాయన కూర్చుని ఉన్నాడు. మా వీధిలో చేపలమ్మే మనిషే. అతని ఎక్సెల్ బండి పోయి నాలుగు రోజులైంది, వెనక కట్టిన ఐసుపెట్టెతో సహా. మూడింటికి లేచి, వేలంపాటలో చేపలు కొనుక్కుని, ఎనిమిదిలోపు నాలుగూళ్లు తిరిగితేనే ఆ రోజు గడిచే మనిషి. ఇన్సూరెన్స్ ఉంది, థర్డ్ పార్టీది. ఎవర్నైనా గుద్దితే వాళ్లకిస్తారు, బండి పోతే పైసా ఇవ్వరు. నా వంతు మీమాంస అయ్యాక అతన్ని పిలిచి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "జీపీఎస్ పెట్టించుకోలేదా?"

ఏం, పెట్టించుకోకపోతే? బండి ఎత్తుకుపోయినవాడిది కాదా తప్పు, పెట్టె కొనుక్కోనివాడిదా? నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌కి వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం. ఫోన్లోంచి పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే నమోదు చేయాలి. ఆ సెక్షన్లో నీలిచుక్క ఉండాలని ఎక్కడా లేదు. నది గట్టు ఎవరిదో తేల్చుకొని రమ్మని లేదు. ఆ మనిషి నాలుగు రోజులుగా తన వ్యాపారం మానుకుని ఆ బెంచీ మీద కూర్చుంటే ఒక్క కాగితం ముక్క రాయలేకపోయారే! నాకు చుక్క ఉంది, బండి దొరకలేదు. అతనికి చుక్క లేదు, బండి దొరకలేదు. తేడా ఒక్కటే, నాకు కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఆ టీ తాగినందుకు ఇప్పటికీ సిగ్గేస్తోంది.

నా కాగితం మూడో రోజున రాశారు. అతనిది రాశారో లేదో అడుగుదామంటే, ఇప్పుడు మా వీధికి రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం పెట్టె కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు తేనెలా ఉంది.

"సార్, మీ ప్లాన్ ఈ నెలాఖరుకి అయిపోతోందండి. రెన్యూ చేస్తే ఏడాదంతా మీ వెహికల్‌కి రక్షణ ఉంటుంది సార్."

"వెహికల్ లేదమ్మా. పోయింది."

"పర్లేదు సార్, డివైస్ ఉంటే చాలండి."

"డివైస్ ఆ బండిలోనే ఉందమ్మా."

కీబోర్డు మీద టకటక ఏదో కొట్టుకుంది. "అవును సార్, మీ డివైస్ ఆఫ్‌లైన్ చూపిస్తోందండి. ఒక్కసారి మీ వెహికల్‌ని దగ్గర్లోని మా సర్వీస్ సెంటర్‌కి తీసుకొస్తారా?"