ఒకే కడుపున పుట్టినవాళ్ళు ఒకేరోజు రక్తం ఇవ్వకూడదట!

"ఒక తల్లి పిల్లలు ఒకేరోజు రక్తం ఇవ్వకూడదు, ఇస్తే ఇంటికి అండ పోతుంది" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి ఈ మధ్య మా కోనసీమ వాట్సాప్ గ్రూపులన్నిట్లో తెగ తిరుగుతోంది. కింద ఏడు పాయింట్లు, ప్రతి పాయింటు పక్కన ఎర్ర చుక్క బొమ్మ, చివర్లో పేరూ ఊరూ లేని ఒక "ప్రముఖ డాక్టర్" గారు. సంక్రాంతికి అందరం ఊళ్ళో చేరినప్పుడు తోబుట్టువులం, వదినలు, బావగార్లు కలిసి వెళ్ళి రక్తం ఇచ్చి రావడం మా ఇంట్లో అలవాటు. అది తెలిసే మావయ్య దీన్ని ఫ్యామిలీ గ్రూపులో పడేసి, కింద "చూసుకోండి మరి" అని ఒక ముక్క తగిలించాడు. చూసుకున్నాం. వరసగా చెప్తాను, ఆయన కూడా చూసుకోవచ్చు.

"అందరూ ఒకేసారి ఇచ్చేస్తే రేపు ఇంట్లో అవసరం పడితే ఎవరిస్తారు?" ఇది వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే జనం నమ్ముతున్నారు. కానీ ఆస్పత్రిలో జరిగేది అది కాదు. అన్నయ్య చేతికి ఒక ట్యూబు, తమ్ముడి చేతికి ఒక ట్యూబు పెట్టి అటునుంచి ఇటు ఎక్కించడం సినిమాల్లోనే. తీసిన రక్తానికి హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి, గ్రూపు చూడాలి, పేషెంటు రక్తంతో కలిపి పడుతుందా లేదా అని చూసే క్రాస్ మ్యాచ్ చేయాలి, ఇదంతా అయ్యేసరికి గంటలు పడుతుంది. కాన్పులో రక్తం ఆగకుండా పోతున్న మనిషికి అంత టైము ఉండదు. ఆవిడని నిలబెట్టేది అప్పటికే పరీక్షలన్నీ అయిపోయి ఫ్రిజ్‌లో ఉన్న బ్యాగు, అది ఎప్పుడో ఎవరో ఇచ్చిపోయింది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో వాళ్ళు పడవలెక్కి బయటికి రావాల్సొచ్చింది కదా. అలాంటి రోజున అక్క ఆస్పత్రిలో ఉండి, నలుగురు అన్నదమ్ములు నీళ్ళకి అవతల ఉంటే, వాళ్ళ ఒంట్లో ఎంత రక్తం ఉండి ఏం లాభమండీ?

ఒక్క చోట మాత్రం ఈ మాటలో కాస్త పస ఉంది. నెగటివ్ గ్రూపులవాళ్ళు మన దగ్గర తక్కువ. ఎర్రకణాలని, కలిపే ద్రావణాన్ని బట్టి, 35 రోజులో 42 రోజులో నిల్వ ఉంచుతారు. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. మా అక్కదీ చిన్నన్నయ్యదీ ఓ నెగటివ్. అందుకని వాళ్ళిద్దరినీ ఒకేరోజు పంపం, ఒకరు సంక్రాంతికి ఇస్తే రెండోవాళ్ళు కాలేజీలకి సెలవులిచ్చి క్యాంపులు తగ్గిపోయే వేసవిలో ఇస్తారు. మెసేజ్‌లో ఇంతవరకే రాసి ఉంటే నేనే పదిమందికి పంపేదాన్ని.

"ఒకే తల్లి పిల్లలందరిదీ ఒకే గ్రూపు." మా ఇల్లొక్కటి చాలు దీనికి. నాన్న ఎ పాజిటివ్, అమ్మ బి పాజిటివ్. పిల్లల్లో పెద్దన్నయ్య ఎ, నేను బి, తమ్ముడు ఎబి, అక్కా చిన్నన్నయ్యా ఓ నెగటివ్. చిన్నప్పుడు స్కూల్లో గ్రూపు పరీక్ష చేసిన రోజున చిన్నన్నయ్యని ఎంత ఏడిపించామో, "నువ్వు కాలవలో కొట్టుకొస్తుంటే జాలిపడి తీసుకొచ్చార్రా" అని, వాడు పాపం అన్నం మానేసి కూర్చుంటే నాయనమ్మ మా అందరికీ తలా ఒకటి అంటించింది. విషయం ఏంటంటే గ్రూపుని తేల్చే జన్యువులు ప్రతివాళ్ళకీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. నాన్నలో ఎ చాటున ఒక ఓ, అమ్మలో బి చాటున ఒక ఓ దాక్కుని ఉంటే నాలుగు గ్రూపులూ ఆ ఇంట్లోనే పుట్టొచ్చు. పాజిటివ్, నెగటివ్ కూడా అంతే, ఇద్దరు పాజిటివ్‌లకి నెగటివ్ పిల్లలు పుట్టడంలో వింతేమీ లేదు. మేం నవ్వుకుని వదిలేశాం కానీ, గ్రూపు కలవలేదని భార్యని అనుమానించే ప్రబుద్ధులూ ఉంటారు. ఇలాంటి మెసేజ్ వాళ్ళ చేతిలో పడితే నవ్వులాటగా ఉండదు.

ఇప్పుడు అసలుది. "బయటివాళ్ళ రక్తం కన్నా సొంత తోబుట్టువుల రక్తమే మంచిది, అదే ఒంటికి పడుతుంది." మెసేజ్ మొత్తంలో నిజంగా ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే ఉన్నది దీనికి సరిగ్గా తిరగేసి. ఎక్కించే రక్తంలో దాత తాలూకు తెల్లకణాలు కొన్ని ఉంటాయి. బయటివాళ్ళవైతే మన ఒళ్ళు వాటిని పరాయివని గుర్తుపట్టి చంపేస్తుంది. తోబుట్టువులవో కన్నవాళ్ళవో అయితే పోలికలు కలిసిపోయి ఒక్కోసారి గుర్తుపట్టలేదు. అప్పుడవి లోపల తిష్ట వేసి, పెరిగి, పేషెంటు చర్మం మీద, కాలేయం మీద, పేగుల మీద, ఎముక మూలుగ మీద పడతాయి. గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్ అంటారు. చాలా అరుదు, కానీ వస్తే బతకడం కష్టం. అందుకే దగ్గర బంధువుల రక్తం తప్పనిసరిగా ఎక్కించాల్సి వస్తే ముందు రేడియేషన్ పెట్టి ఆ తెల్లకణాలు పెరక్కుండా చేయాలి, ఆ మెషీన్ ప్రతి ఊళ్ళోనూ ఉండదు. మామూలుగా జరిగేదేంటంటే, మీ తమ్ముడు ఇచ్చిన బ్యాగు ఇంకెవరికో వెళ్తుంది, మీకు ఇంకెవరిదో వస్తుంది. "మావాడి రక్తం మాకే ఎక్కించండి" అని కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

ఈ అపోహ ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో ఊహించగలను. ఎముక మూలుగ మార్పిడికి తోబుట్టువులే ముందు వరస, ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ మాట ఈ మాటతో కలిపేసుకున్నారు. అసలు మూలుగ మార్పిడి అవసరం పడొచ్చనుకునే పేషెంటుకి ముందుగా తోబుట్టువుల రక్తం ఎక్కించకపోవడమే మంచిది, ఒళ్ళు ముందే ఎదురు తిరగడం నేర్చుకుంటుంది కాబట్టి.

ఇంటివాళ్ళంతా కలిసి వెళ్ళి రక్తం ఇవ్వడంలో ఇంకో కోణం ఉంది, అది మాలాంటి పెద్ద కుటుంబాలకి బాగా తెలియాలి. రక్తం ఇచ్చేముందు ఒక ఫారం నింపాలి, అందులో అన్నీ అడుగుతారు, జబ్బులు, మందులు, ఇంజెక్షన్లు, చెప్పుకోలేని అలవాట్లు కూడా. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి భుజాల మీదుగా తొంగి చూస్తుంటే నిజం ఎవడు రాస్తాడు? ఒక ఏడాది మా తమ్ముడు లోపలికి వెళ్ళి అయిదు నిమిషాల్లో బయటికొచ్చి "రాత్రి నిద్ర లేదు, వద్దన్నారు" అన్నాడు. ఇంక బావగారు ఆగుతారా. "సూది సైజు చూశావేంటి, ఆయ్? ఇంటికెళ్ళి పాలు తాగి పడుకోండి తమరు" అని కారులో ఎక్కించుకున్న దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా వాయించేశారు. తర్వాత ఎప్పుడో తమ్ముడు చొక్కా లేకుండా నూతి దగ్గర స్నానం చేస్తుంటే వాడి వీపు మీద పచ్చబొట్టు అమ్మ కంటపడింది. టాటూ వేయించుకుంటే ఏడాది పాటు రక్తం ఇవ్వకూడదు, వాడు ఫారంలో నిజం రాశాడు, మాకు చెప్పలేదు, అంతే. చీవాట్లు పచ్చబొట్టుకి పడ్డాయనుకోండి, అది వేరే విషయం. అప్పటినుంచీ మా ఇంట్లో లోపలికి ఒక్కొక్కరే వెళ్తారు, ఇవ్వకుండా బయటికొచ్చినవాళ్ళని ఎందుకని అడగకూడదు. బావగారు కూడా.

"ఆడవాళ్ళు ఇవ్వకూడదు." ఎవరు చెప్పారు? 18 ఏళ్ళు నిండి, కనీసం 45 కిలోల బరువు ఉండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఆడైనా మగైనా ఒకటే. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయిన ఏడాది దాకా, బిడ్డకి పాలిస్తున్నన్నాళ్ళు, నెలసరి రోజుల్లో ఇవ్వకూడదు. మగవాళ్ళు 90 రోజులకోసారి ఇవ్వొచ్చు, మనం 120 రోజులు ఆగాలి. తేడా ఇంతే. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కువ అన్నది మాత్రం నిజం, అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో 57 శాతం మందికి ఉందని తేలింది. మా పెద్దవదిన మొదటిసారి వచ్చినప్పుడు పది కూడా లేదని వెనక్కి పంపారు. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్లో గిన్నె గీకి తినే మనిషి ఆవిడ, నీరసం అంటే ఎండ వల్ల అనుకునేది. వేలి మీద ఒక్క చుక్క తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఐరన్ మాత్రలు మొదలుపెట్టాం, ఇప్పుడు ఆవిడే లైన్లో ముందు నిలబడుతుంది. ఆడవాళ్ళు క్యాంపుకి వెళ్ళకుండా ఆపితే ఈ చుక్క పరీక్ష కూడా ఉండదు.

"ఒకసారి ఇస్తే వారం మంచమే, పొలం పని చేయలేరు." పెద్దమనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్లు ఉంటే తీసేది 350 మిల్లీలీటర్లు, 55 కిలోలు దాటినవాళ్ళ దగ్గరయితే 450. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో నిండిపోతుంది, ఎర్రకణాలకి కొన్ని వారాలు పడుతుంది. ఆ రోజు మాత్రం బరువులు మోయకండి, కొబ్బరి దింపు పనివాళ్ళు చెట్టెక్కకండి, కళ్ళు తిరిగితే అంత ఎత్తు నుంచి పడతారు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా ఏరియేటర్లు చూసుకుని తెల్లారి నేరుగా వచ్చేవాళ్ళని తీసుకోరు, నిద్ర ఉండాలి. ఉపవాసం ఉండి రాకూడదు.

కళ్ళు తిరగడంలో సగం భయమే. కోడిపందేల బరి దగ్గర గొంతు చించుకునే మా పెద్దన్నయ్య సూది కనపడగానే సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెడతాడు, నుదుటి మీద చెమట, చేతిలో బంతిని పిప్పి చేసేస్తాడు, పక్క మంచం మీదనుంచి అక్క "అన్నయ్యా, అది కోడి కాదు, సిస్టర్ గారు, చూడొచ్చు" అంటుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది, గుంపుగా వెళ్ళినప్పుడు ఒకరు పడిపోతే చూసి పక్కవాళ్ళకీ తిరుగుతుంది. అందుకే ధైర్యస్తులని ముందు పంపాలి, ముందుగా నీళ్ళు బాగా తాగాలి, అయ్యాక పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. ఆ కూర్చునే టైము మావాళ్ళకి ఎలాగూ చాలదు, అంత్యాక్షరి రెండో రౌండుకొచ్చేసరికి సిస్టర్లే లేపి పంపాలి.

"మీరు ఉత్తినే ఇస్తారు, వాళ్ళు అమ్ముకుంటారు." డబ్బుకి రక్తం అమ్మడం కొనడం 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 1998 జనవరి 1 నుంచి నిషేధం. పరీక్షలకీ సంచికీ నిల్వకీ అయ్యే ప్రాసెసింగ్ ఛార్జీ మాత్రం తీసుకోవచ్చు, దానికీ పరిమితి ఉంది, అంతకు మించి వసూలు చేయొద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మళ్ళీ చెప్పింది. ఎవరైనా ఎక్కువ అడిగితే రసీదు తీసుకుని ఫిర్యాదు చేయండి, రక్తం ఇవ్వడం మానేస్తే దొంగకి పోయేదేమీ లేదు.

ఇక ఆఖరిది, "రెండు కొబ్బరిబొండాలు తాగితే తెల్లారేసరికి పోయిన రక్తం పట్టేస్తుంది." కొబ్బరికాయల సీమవాళ్ళం, తాగకుండా ఉంటామా, తాగండి, నీటి లోటు తీరుతుంది. ఎర్రకణాలకి కావలసిన ఐరన్ అందులో పెద్దగా ఉండదు. అది వేటమాంసం, లివర్, ఆకుకూరలు, పప్పుల్లో ఉంటుంది, పైన నిమ్మకాయ పిండుకుంటే ఇంకా బాగా ఒంటబడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. మా చిన్నన్నయ్య అయితే ఆ రోజు మధ్యాహ్నం వదిన చేసే లివర్ వేపుడు కోసమే వస్తానని బాహాటంగా చెప్తాడు. మాకేం అభ్యంతరం లేదు, ముందు రోజు రాత్రి చెరువు దగ్గరికి పోకుండా ఇంట్లో పడుకుంటే చాలు.