‘వీలైనంతవరకు’ గారికి ఒక సాక్షి రాసుకున్న లేఖ

గౌరవనీయులైన ‘వీలైనంతవరకు’ గారికి,

నమస్కారమండీ. నిన్న కోర్టులో మళ్లీ తమరి దర్శనమైంది. పదిన్నరకల్లా ఉండాలని సమన్లు వస్తే మొదటి బస్సుకి మా చిన్నాన్నా నేనూ బయల్దేరాం. ఆయనకి ఒకరోజు కూలి పోయింది, నాకు ఒక సెలవు పోయింది. మూడున్నరకి బంట్రోతు మా పేర్లు పిలిచాడు. పరుగెత్తుకెళ్లేసరికి మా తరఫున వాదించే సర్కారు వకీలు పీపీ గారు సెలవన్నారు, వాయిదా అన్నారు, అంతే. చిన్నాన్న అప్పటికింకా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాడు. కోర్టులో విప్పక్కర్లేదని ఏడేళ్లుగా చెప్తున్నా, వినడు.

తమరి చిరునామా చాలామందికి తెలియదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 14వ సెక్షన్. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ ముగించాలని 2015లో సవరణ చేస్తుంటే, ఆ వాక్యం మధ్యలో దూరి కాళ్లు చాపుకున్నారు. ‘వీలైనంతవరకు’ రెండు నెలల్లో అట. పక్కనే 14-ఏలో, అప్పీలు మూడు నెలల్లో తేల్చాలన్నచోటా తమరే. ఎవరి పిలుపుతో వచ్చారో గానీ, మిగతా అక్షరాలన్నీ ఒకెత్తు, తమరొక్కరూ ఒకెత్తు. పెళ్లి ఊరేగింపు పెద్దవీధిలోకి తెచ్చామని మమ్మల్ని కొట్టిన కేసు మాది. ఆ పెళ్లికొడుకు కూతురు ఇప్పుడు ఒకటో తరగతి చదువుతోంది.

తమరికి అమెరికాలో ఒక అన్నగారున్నారని ఈమధ్యే తెలిసింది. నల్లపిల్లలకి ఒక బడి, తెల్లపిల్లలకి ఒక బడి పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో అక్కడి సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద చెప్పారు. బాగుంది. మరి ఎప్పట్లోగా కలపాలి అంటే మరుసటేడు ఇంకో తీర్పిచ్చారు, అందులో తారీఖు లేదు, ‘ఆల్ డెలిబరేట్ స్పీడ్’ అని ఉంది. అంటే బాగా ఆలోచించుకుంటూ తొందరగా కానివ్వమని. కలపడం ఇష్టంలేనివాళ్లకి అంతకన్నా ఏం కావాలి, కూర్చుని ఆలోచించారు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే 1959లో ఏకంగా సర్కారు బడులకి తాళాలే వేసింది. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి దొరికింది. నల్లపిల్లల్లో ఆ ఏడు ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లకి, తాళం తీసేసరికి పదకొండేళ్లొచ్చి ఉంటాయి. ఆలోచన మరీ ఎక్కువైంది, వేగం చాల్లేదు అని 1964లో జస్టిస్ హ్యూగో బ్లాక్ తీర్పులో రాయాల్సొచ్చింది. ఆ మాట అనడానికి వాళ్లకీ పదేళ్లు పట్టింది!

అన్నట్టు, మన అంటరానితనం నేరాల చట్టం కూడా 1955దే. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. పేరుకే ఇరవై ఒక్కేళ్లు. జైల్లో కులాన్నిబట్టి పనులు పంచకూడదని సుప్రీంకోర్టు నోట వినడానికి 2024 దాకా ఆగాం. ఇక మా ఊరి టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతిని ఏ కోర్టూ తియ్యలేదండీ, కాగితం కప్పు వచ్చి తీసేసింది. నిన్న కోర్టు క్యాంటీన్లో ముద్దాయిలూ మేమూ ఒకేరకం కప్పుల్లో తాగాం. వాళ్లు నవ్వుతూ తాగారు.

వాళ్లకెందుకు నవ్వు రాదు? వాళ్లకి తమరున్నారు. ఏడేళ్ల కిందట ఎవరి చేతిలో కర్ర ఉందో, ఎవరి చేతిలో గొలుసు ఉందో, అప్పుడు టైమెంతయిందో రేపు నన్ను బోనెక్కించి అడుగుతారు. నేను ఎనిమిదంటాను, చిన్నాన్న ఎనిమిదిన్నర అంటాడు. ఆ అరగంట సందులోంచి ముద్దాయిలు నడుచుకుంటూ ఇంటికెళ్తారు. ఆ సందు పెట్టింది ఎవరు? నువ్వు. అవును, నువ్వే, ఇంక గారు లేదు, తమరు లేదు.

అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు గుర్తుందా నీకు? 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అప్పటికి నువ్వింకా చట్టంలోకి ఎక్కలేదు, కానీ నువ్వు లేని చోటెక్కడ! కొట్లాడితే ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, అయినా తీర్పొచ్చేసరికి 2007. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిదిమంది చచ్చిపోయారన్నదాంట్లో ఎవరికీ డౌటు లేదు, చంపినవాళ్లే దొరకలేదు. అది చదివినరోజు చిన్నాన్న ఏమీ అనలేదు, పేపరు మడిచి ఆయన్నే కొట్టినట్టు పక్కకి తిరిగి పడుకున్నాడు. అప్పటికి మా కేసు పుట్టనే లేదు.

అంత జరిగినా ఆయనకి కోర్టంటే అదేదో గురి. వాయిదా చీటీలన్నీ మడతలు పడకుండా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. రాజీకొస్తే లక్షిస్తామని నిన్న కూడా ఒకడు వచ్చి చెవిలో ఊదిపోయాడు. చిన్నాన్న వాడి మొహం కూడా చూడలేదు, నీకున్న సిగ్గు ఎంతో నాకు తెలుసు కాబట్టి ఈ సంగతి చెప్తున్నా.

వచ్చే వాయిదా 30న. ఆ రోజే మా ఊళ్లో పౌరహక్కుల దినోత్సవం, ఆఫీసర్లొస్తారు, అందరికీ సమాన హక్కులని చెప్పి వెళ్తారు. నాలుగు మాటలు మాట్లాడమని చిన్నాన్నని పిలిచారు. ఆ రోజు కోర్టుంది, రాలేనన్నాడు.

ఇట్లు,
లిస్టులో రెండో సాక్షి