ఆర్‌బీఐ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన బ్యాంకైపోదు

పది రోజులుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ, కాలనీ గ్రూపులోనూ ఎన్‌బీఎఫ్‌సీల గురించి, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీల గురించి, ఒకటే సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఎన్‌బీఎఫ్‌సీ అంటే చిన్న బ్యాంకే. రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్ ఉంటుంది కాబట్టి మన డబ్బుకు రిజర్వు బ్యాంకే పూచీ. 5 లక్షల దాకా బీమా కూడా ఉంది. వడ్డీ మాత్రం బ్యాంకుకు రెట్టింపు. ఇక అప్పు సంగతంటారా, అవి బ్యాంకులు కావు కాబట్టి ఎగ్గొట్టినా చట్టం ఏమీ చేయలేదు. చిట్టీ కంపెనీలూ ఇలాంటివే."

మొదటి వాక్యంలో బ్యాంకే అన్నారు, అప్పు దగ్గరికొచ్చేసరికి బ్యాంకు కాదన్నారు. ఇది రాసినవాళ్లకే స్పష్టత లేదని అప్పుడే అర్థమైంది. పట్టించుకోకుండా వదిలేసేవాణ్ణే. కానీ మొన్న మా పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, మీ బాబాయి రిటైరైన డబ్బు అలాంటి ఒక ఫైనాన్స్ కంపెనీలో వేద్దామనుకుంటున్నాం. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో చేశావు కదా, నువ్వేమంటావ్?" అని అడిగింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"ఎన్‌బీఎఫ్‌సీ అంటే చిన్న బ్యాంకే"

చిన్నా పెద్దా అన్నది అసలు తేడాయే కాదు. బజాజ్ ఫైనాన్స్, శ్రీరామ్ ఫైనాన్స్ లాంటివి ఇచ్చిన అప్పుల లెక్క చూస్తే కొన్ని బ్యాంకుల కంటే పెద్దవి. అయినా అవి బ్యాంకులు కావు. ఈ రెండింటిలో మనం దాచుకున్న డబ్బు అడిగిన క్షణంలో తిరిగిచ్చే ఖాతా తెరవగలిగేది బ్యాంకు ఒక్కటే. సేవింగ్స్ ఖాతా, కరెంట్ ఖాతా ఎన్‌బీఎఫ్‌సీ తెరవకూడదు. తన పేరు మీద చెక్కు పుస్తకం ఇవ్వకూడదు. బ్యాంకుకు 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం ఉంది. ఫైనాన్స్ కంపెనీ మామూలు కంపెనీగా పుట్టి, 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకుంటుంది. ఆస్తుల్లో సగానికి పైగా ఆర్థిక ఆస్తులై, ఆదాయంలోనూ సగానికి పైగా వాటి నుంచే వస్తుంటే అది ఎన్‌బీఎఫ్‌సీ లెక్కలోకి వస్తుంది. మన చేతిలో ఉండే ఎస్‌బీఐ క్రెడిట్ కార్డు సంగతే చూడండి. దాన్ని ఇచ్చేది స్టేట్ బ్యాంకు కాదు, ఆ బ్యాంకు గ్రూపులోని ఒక ఎన్‌బీఎఫ్‌సీ.

మరి వాటికి డబ్బు ఎక్కడిది? తేడా అంతా ఇక్కడే తెలుస్తుంది. బ్యాంకుకు ముడిసరుకు మన జీతాలూ, పింఛన్లూ, వ్యాపారుల కరెంట్ ఖాతాల్లోని నిల్వలూ. కరెంట్ ఖాతాకు వడ్డీయే ఇవ్వదు, సేవింగ్స్‌కు ఇచ్చేది కొద్దిగానే. ఫైనాన్స్ కంపెనీకి అంత చవకైన డబ్బు దొరకదు. అది బ్యాంకు దగ్గర అప్పు తెస్తుంది, డిబెంచర్లనే అప్పు పత్రాలు అమ్ముతుంది, కొన్ని నెలల్లో తీర్చాల్సిన కమర్షియల్ పేపర్లనే అప్పు పత్రాలు పెద్ద పెట్టుబడిదారులకు ఇస్తుంది. అలా తెచ్చిన డబ్బుకు వడ్డీ కట్టి, పైన తన ఖర్చూ లాభమూ వేసుకుని మనకు అప్పిస్తుంది. వాళ్ల వడ్డీ ఎక్కువగా ఉండటానికి ఒక పెద్ద కారణం ఇదే.

వాటి మేలు కూడా చెప్పాలి. సెకండ్ హ్యాండ్ లారీ కొనాలనుకున్న డ్రైవరును నా టేబుల్ ముందు నుంచి ఎన్నోసార్లు వెనక్కి పంపాను. మూడేళ్ల ఐటీ రిటర్నులు అతను ఎక్కడ తెస్తాడు? ఫైనాన్స్ కంపెనీ మనిషి మాత్రం లారీ దగ్గరికే వెళ్లి టైర్లు చూస్తాడు, ఏ రూటులో తిరుగుతుందో, కిరాయి ఎంతో అడుగుతాడు, తోటి డ్రైవర్లను వాకబు చేసి అప్పిస్తాడు. 1979లో మద్రాసులో మొదలైన శ్రీరామ్ సంస్థ పాత లారీల అప్పులతోనే ఇంత పెరిగింది. ట్రాక్టరు, ఆటో, కుట్టుమిషను, పెళ్లికి కావలసిన బంగారు రుణం. బ్యాంకు మెట్లు ఎక్కలేనివాళ్ల దగ్గరికి తామే వెళ్లిన కంపెనీలివి. అందుకే వాటిని మోసపు కంపెనీలని నేను అనను. బ్యాంకులు మాత్రం కావంటున్నాను, అంతే.

"రిజర్వు బ్యాంకే పూచీ"

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే. రిజిస్ట్రేషన్ అంటే ఆ వ్యాపారం చేసుకోవడానికి అనుమతి. అంతకు మించి అందులో హామీ ఏదీ లేదు. ఎన్‌బీఎఫ్‌సీ డిపాజిట్ ప్రకటనలోనూ దరఖాస్తు ఫారంలోనూ ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలని రిజర్వు బ్యాంకే నిబంధన పెట్టింది. కంపెనీ ఆర్థిక స్థితికి గానీ, డిపాజిట్ల చెల్లింపుకు గానీ రిజర్వు బ్యాంకు బాధ్యత తీసుకోదన్నది దాని అర్థం. సందేశం చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకమైన మాట కంపెనీ ఇచ్చే కాగితం మీదే అచ్చై ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు.

1990ల చివర్లో మా పెదనాన్న తెనాలిలో ఒక ఫైనాన్స్ కంపెనీలో డబ్బు వేశాడు. రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్‌కు పెట్టుకున్న దరఖాస్తు రసీదును వాళ్లు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. 1997లో చట్టం మార్చి, ఇలాంటి కంపెనీలన్నీ రిజిస్టరు కావాలన్నాక వచ్చిన కాగితం అది. దరఖాస్తు పెట్టుకోవడం వేరు, అనుమతి రావడం వేరు. పెదనాన్నకు ఆ తేడా చెప్పినవాళ్లు లేరు. ఒక సంక్రాంతి తర్వాత బోర్డు తిప్పేశారు. అసలులో పైసా రాలేదు.

పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2018లో రోడ్ల లాంటి పెద్ద ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గ్రూపు అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. త్వరగా తీర్చాల్సిన అప్పులు తెచ్చి, ఏళ్ల తరబడి కదలని రోడ్ల ప్రాజెక్టుల్లో పెట్టారు. గడువు వచ్చింది, డబ్బు రాలేదు. దాంతో మార్కెట్లో ఫైనాన్స్ కంపెనీలకు అప్పు పుట్టడమే కష్టమైంది. మరుసటి ఏడాది గృహరుణాల సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్ పడిపోయింది. 2019 నవంబరులో రిజర్వు బ్యాంకు దాని బోర్డును రద్దు చేసి దివాలా ప్రక్రియకు పంపింది. ఒక ఆర్థిక సంస్థ దివాలా చట్టం కింద ఈ ప్రక్రియకు వెళ్లడం అదే మొదటిసారి. 2021లో పిరమల్ గ్రూపు దాన్ని తీసుకుంది. అందులో ఎఫ్‌డీలు వేసిన పింఛనుదారులు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగారు. చాలామందికి పూర్తి మొత్తం చేతికి రానేలేదు.

అదే రోజుల్లో, 2020 మార్చి 5న, యస్ బ్యాంకు మీదా ఆంక్షలు పెట్టారు. ఒక్కో ఖాతాదారు 50,000 రూపాయలకు మించి తీయకూడదన్నారు. జనం ఏటీఎంల ముందు బారులు తీరారు. కానీ స్టేట్ బ్యాంకు ముందుండి ఇతర బ్యాంకులతో కలిసి పెట్టుబడి పెట్టింది. రెండు వారాలు కూడా తిరక్కుండానే, మార్చి 18న ఆంక్షలు ఎత్తేశారు. డిపాజిటర్లకు రూపాయి నష్టం లేదు. బ్యాంకు కూలిపోతే ఊరి చెల్లింపులన్నీ ఆగిపోతాయి కాబట్టి దాన్ని నిలబెట్టడానికి పూనుకుంటారు. ఫైనాన్స్ కంపెనీకి అంత ఆసరా దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

"5 లక్షల దాకా బీమా ఉంది"

బ్యాంకుల్లో ఉంది. ఎన్‌బీఎఫ్‌సీల్లో లేదు. ఈ బీమా ఇచ్చేది రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ. వాణిజ్య బ్యాంకులు, చిన్న ఫైనాన్స్ బ్యాంకులు, సహకార బ్యాంకులు దీని కిందికి వస్తాయి. 1993 నుంచి లక్ష రూపాయలే ఉన్న పరిమితిని 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలకు పెంచారు. అసలూ వడ్డీ కలిపి, ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షలు. ఇక్కడ పేరు చూసి పొరబడకండి. "స్మాల్ ఫైనాన్స్ బ్యాంక్" అన్నది నిజంగా బ్యాంకే, దానికి బీమా ఉంది. పేరులో "ఫైనాన్స్" మాత్రమే ఉండి "బ్యాంక్" లేని కంపెనీకి లేదు.

"వడ్డీ రెట్టింపు"

ముందు తెలుసుకోవాల్సింది, చాలా ఎన్‌బీఎఫ్‌సీలకు మన దగ్గర డిపాజిట్ తీసుకునే హక్కే లేదు. రిజిస్టరైన కంపెనీలు వేలల్లో ఉంటే, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్నవి కొన్ని పదులు మాత్రమే. అవి కూడా 12 నెలలకు తక్కువ, 60 నెలలకు ఎక్కువ గడువుతో తీసుకోకూడదు. క్రెడిట్ రేటింగ్, అంటే అప్పు తీర్చగల సత్తాకు రేటింగ్ సంస్థ ఇచ్చే గ్రేడు, ఉండాలి. బంగారు నాణెం ఇస్తాం, మిక్సీ ఇస్తాం అని బహుమతులు చూపకూడదు. వడ్డీకి గరిష్ఠ పరిమితి ఏడాదికి 12.5 శాతం.

మన ఊరి లెక్కలో చెబుతాను. నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. అంటే అనుమతి ఉన్న కంపెనీ ఏదైనా డిపాజిట్‌కు రూపాయి వడ్డీ కంటే రవ్వంత మాత్రమే ఎక్కువ ఇవ్వగలదు. ఎవరైనా మీ డబ్బుకు రూపాయిన్నర ఇస్తాం, రెండు రూపాయలిస్తాం అన్నారంటే, ఆ మాటతోనే నిబంధన దాటేశారు. ఇక కాగితాలు చూడక్కర్లేదు, లేచి వచ్చేయండి.

ఇంకో తిరకాసు ఉంది. డిబెంచర్లు అమ్ముతూ "ఇది ఎఫ్‌డీ లాంటిదే" అంటారు. డిబెంచరు అంటే మీరు కంపెనీకి అప్పిచ్చారని అర్థం. దాన్ని డిపాజిట్ నిబంధనల ప్రకారం నడపరు. సంతకం పెట్టే ముందు కాగితం మీద ఏ మాట ఉందో చదవండి.

"ఎగ్గొట్టినా చట్టం ఏమీ చేయలేదు"

ఈ మాట నమ్మినవాళ్లు బండి పోగొట్టుకుంటారు, కొందరు ఇల్లు కూడా. రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది. 2010 అక్టోబరులో పేదలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసిన సంగతి మనకు గుర్తుంది. ఆ చట్టం కూడా ఇలాంటి ఎన్‌బీఎఫ్‌సీలకు వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. కొంత పెద్ద కంపెనీలైతే 20 లక్షలూ ఆ పైన ఉన్న తాకట్టు అప్పులకు సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండానే ఆస్తి స్వాధీనం చేసుకోవచ్చు. చెక్కు బౌన్సయినా, ఖాతా నుంచి పోవాల్సిన కిస్తీ డబ్బు లేక తిరిగొచ్చినా క్రిమినల్ కేసు పెట్టొచ్చు. సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) మచ్చ పడిందంటే, తర్వాత బ్యాంకుకు వెళ్లినా తలుపు మూసే ఉంటుంది.

2010 నాటి కథలోంచి ఇంకొకటి గుర్తుచేయాలి. ఊళ్లలో వారం వారం వసూళ్ల ఒత్తిడి, ఒకే ఆడమనిషికి నాలుగు కంపెనీల అప్పులు, ఆత్మహత్యల వార్తలు మనం మరిచిపోలేదు. ఆర్డినెన్సు వచ్చాక వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. అప్పుడు హైదరాబాదులోని కొన్ని పెద్ద సూక్ష్మరుణ సంస్థలు తాము బ్యాంకులకు కట్టాల్సింది కట్టలేక, గడువులు మార్చి తిరగరాయించుకున్నాయి. వాటి వెనక ఉన్నది బ్యాంకుల డబ్బని, అంటే చివరికి మన డిపాజిట్లేనని, ఆ రోజు అందరికీ తెలిసింది. తర్వాత ఈ రంగాన్ని పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీ వేసింది, 2011 చివర్లో సూక్ష్మరుణాల ఎన్‌బీఎఫ్‌సీలకు ప్రత్యేక వర్గమూ నిబంధనలూ వచ్చాయి.

అలాగని అప్పు తీసుకున్నవాళ్లు దిక్కులేనివాళ్లు కారు. రికవరీ ఏజెంటు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఆన్‌లైన్ అప్పయితే డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడాలి, యాప్ మీ ఫోన్‌లోని నంబర్ల జోలికి పోకూడదు. అప్పిచ్చే ముందు ఏడాది మొత్తం ఖర్చు ఎంత శాతమో ఒక కాగితంలో చూపాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి. "12 శాతం ఫ్లాట్" (చివరిదాకా మొదటి అసలు మొత్తం మీదే వడ్డీ) అంటూ లక్ష ఇచ్చి, పన్నెండు నెలలు 9,333 చొప్పున కట్టించుకుంటే, తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది. ఊరి లెక్కలో రూపాయి ముప్పావు వడ్డీ పైమాటే.

"చిట్టీ కంపెనీలూ ఇలాంటివే"

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. చిట్టీలకు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఉంది. చూసుకునేది రాష్ట్ర ప్రభుత్వపు చిట్స్ రిజిస్ట్రారు. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి చిట్టీ ఫిర్యాదు తీసుకెళ్తే పని జరగదు.

పిన్నికి ఫోన్‌లో చెప్పింది కూడా ఇదే. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఎన్‌బీఎఫ్‌సీల జాబితా ఉంటుంది, డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్నవి అందులో విడిగా కనిపిస్తాయి, రిజిస్ట్రేషన్ రద్దయిన వాటి జాబితా వేరే ఉంటుంది. అనుమానం వస్తే ఇలాంటి ఫిర్యాదులకే రిజర్వు బ్యాంకు నడిపే "సచేత్" పోర్టల్‌లో రాయొచ్చు. రిజిస్టరైన కంపెనీ మీద ఫిర్యాదైతే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి, వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయొచ్చు. మరునాడు పిన్నీ బాబాయీ కలిసి ఆ దరఖాస్తు ఫారం తీసుకుని మా ఇంటికొచ్చారు. మా బాబాయి కళ్లద్దాలు పెట్టుకుని, రిజర్వు బ్యాంకు బాధ్యత తీసుకోదన్న ఆ వాక్యం కోసం ఫారం అంతా వెతికాడు. రెండో పేజీ అడుగున దొరికింది.