‘నాట్’ దూరం కాదు, వేగం

తుపాను హెచ్చరికలు వెలువడినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక ఇంగ్లీషు పాఠం తిరుగుతూ ఉంటుంది. ‘నాట్’ అంటే నాటికల్ మైలుకు మరో పేరనీ, తాడుకు ముడులు వేసి సముద్రంలో దూరం కొలవడం వల్ల ఆ పేరు వచ్చిందనీ, అందువల్ల ‘నాట్స్ పర్ అవర్’ అనే రాయాలనీ, ‘పర్ అవర్’ వదిలేస్తే వ్యాకరణ దోషమనీ, అయినా నాట్‌కూ కిలోమీటరుకూ పెద్ద తేడా లేదనీ దాని సారాంశం. ఇందులో పూర్తిగా నిలిచే మాట ఒక్కటీ లేదు.

దూరానికి కొలమానం నాటికల్ మైలు. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని 1,852 మీటర్లుగా స్థిరపరిచింది. గంటకు అంత దూరం సాగే వేగమే ఒక నాట్.

పేరు తాడు ముడుల నుంచి వచ్చిందన్నంత వరకు నిజమే గాని, ఆ ముడులు దూరం కోసం వేసినవి కావు. తెరచాప ఓడల కాలంలో, కొసకు చెక్కపలక కట్టిన తాడును ఓడ వెనుక నుంచి నీళ్ళలోకి వదిలి, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా నావికుడి చేతుల్లోంచి ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవారు. ముడికీ ముడికీ నడుమ ఎడం 47 అడుగుల 3 అంగుళాలు. నాటికల్ మైలులో అది ఎన్నో వంతో, గంటలో 28 సెకన్లు దాదాపు అన్నో వంతే. కాబట్టి ఏడు ముడులు జారితే, వేరే గుణకారం అక్కర్లేకుండానే, ఓడ వేగం ఏడు నాట్లు. (వరి నాట్లు ఎరిగిన మనకు ఈ బహువచనం కాస్త తమాషాగానే వినిపిస్తుంది.)

గంట ఆ మాటలోనే ఇమిడి ఉంది గనుక ‘పర్ అవర్’ చేర్చడమే దోషం. అక్షరాలా అర్థం తీస్తే అది వేగం కాక త్వరణం అవుతుంది. పాత ఇంగ్లీషు యాత్రా రచనల్లో ‘నాట్స్ యాన్ అవర్’ అన్న ప్రయోగం కనిపించే మాట వాస్తవమే అయినా, నేటి నౌకాయాన, విమానయాన పరిభాషలో దానికి చోటు లేదు.

నాట్‌కూ కిలోమీటరుకూ పెద్ద తేడా లేదన్న చివరి మాట తక్కినవాటికంటే ప్రమాదకరమైనది. భారత వాతావరణ శాఖ వర్గీకరణలో 64 నాట్ల నుంచి అతి తీవ్ర తుపాను మొదలవుతుంది. అంటే గంటకు సుమారు 118 కిలోమీటర్లు. ఆ అంకెను 64 కిలోమీటర్లని చదువుకున్నవారికి అదే తుపాను రెండు మెట్లు కిందికి దిగి, 62 నుంచి 88 కిలోమీటర్ల మధ్య ఉండే మామూలు తుపానుగా కనిపిస్తుంది. తెలుగులో ‘గాలులు 64 నాట్ల వేగంతో వీస్తాయి’ అనైనా, ‘గంటకు 118 కిలోమీటర్ల వేగంతో’ అనైనా రాయవచ్చు. ‘గంటకు 64 నాట్లు’ అని మాత్రం రాయకూడదు.