తిమింగలం తూకం: 340 టన్నుల దగ్గరే ఆగిపోయామా?

నల్లగొండలో జీకే పోటీలకు తయారయ్యే పిల్లల్ని అడగండి. భూమ్మీద పుట్టిన జంతువుల్లో అన్నిటికన్నా బరువైనది పెరూసెటస్ అనే పురాతన తిమింగలమని, 340 టన్నులని టక్కున చెబుతారు. ఆ జవాబు మార్చాల్సిన టైమొచ్చింది.

2023 ఆగస్టులో పరిశోధకులు ఇచ్చిన అంచనా 85 నుంచి 340 టన్నులు. శీర్షికల్లోకి ఎక్కింది మాత్రం పై అంకె ఒక్కటే. పెరూలోని ఇకా లోయలో దొరికినవి 13 వెన్నుపూసలు, 4 పక్కటెముకలు, తుంటి ఎముకలో కొంత భాగం. తల దొరకలేదు. అయితే ఆ ఎముకలు మామూలువి కావు. ఒక్కో పూస వంద కిలోల పైమాటే. లోపల గుల్ల లేకుండా నిండుగా, పైన మందంగా పేరుకుని ఉన్నాయి. వాటినిబట్టి ముందు అస్థిపంజరం బరువు కట్టారు, దాన్నుంచి ఒంటి బరువుకు వెళ్లారు. చిక్కంతా ఈ రెండో లెక్కలోనే ఉంది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర కాటా ఎక్కే లారీల్ని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లారీల పొడవు ఒకటే అయినా ఊక లోడు తూకం వేరు, బియ్యం లోడు తూకం వేరు. పెరూసెటస్ పొడవు 17–20 మీటర్లు. బాసిలోసారస్ అనే మరో పురాతన తిమింగలం కూడా ఇంచుమించు అంతే, కానీ దానిది సన్నగా సాగిన ఒళ్లు.

ఎముకలు బరువైతే ఒళ్లూ అదే లెక్కన పెరగాలనేం లేదు. తీరం దగ్గరి నీళ్లలో బతికే మానటీలకూ (సముద్రపు ఆవులు) బరువైన ఎముకలే, అవి నీళ్లలో తేలిపోకుండా ఉండటానికి పనికొస్తాయి. 2024లో మోటాని, పైన్సన్ అనే శాస్త్రవేత్తలు పెరూసెటస్ బరువు మళ్లీ లెక్కగట్టి, 17 మీటర్లుంటే 60–70 టన్నులు, 20 మీటర్లుంటే 98–114 టన్నులు అన్నారు. నీలి తిమింగలం 150 టన్నులు దాటుతుంది. నాకు ఈ లెక్కే సబబనిపిస్తోంది. 20 మీటర్ల ఒంట్లో 340 టన్నులు కుక్కితే, ఆ జీవి ఊపిరి కోసం పైకి రావడమే గండం.

2023లో అదే ఆగస్టులో ఈజిప్టు నుంచి టుట్సెటస్ అనే తిమింగలాన్నీ ప్రకటించారు. పొడవు రెండున్నర మీటర్లు, బరువు సుమారు 187 కిలోలు, అంటే రెండు క్వింటాళ్లు కూడా లేదు. దాని కాలం 4.1 కోట్ల ఏళ్ల కిందట, పెరూసెటస్‌ది 3.9 కోట్ల ఏళ్ల కిందట. ఒకే వంశంలో, ఇంత దగ్గరి కాలంలో అంత తేడా! నన్ను అడిగితే అసలు వార్త అదే.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి పిల్లల్ని టూర్ తీసుకెళ్లే మన టీచర్లు కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు ఒక్క నిమిషం ఆగాలి. ఆ అస్థిపంజరం ఒక్క జంతువుది కాదు, చాలా జంతువుల ఎముకలు కూర్చి నిలబెట్టిందని చెప్పాలి. దొరికింది ఎంత, మనం పూరించింది ఎంత అని పిల్లలే అడగడం అక్కడే మొదలవ్వాలి.