ప్రొవిజనల్ ఆఫర్ లెటర్ గారికి, తిరుపతి నుంచి

మహారాజశ్రీ ప్రొవిజనల్ ఆఫర్ లెటర్ గారి దివ్య సముఖానికి,

తమరు ఎంపిక చేసిన అభ్యర్థి అనేక నమస్కారములతో వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తయితే గానీ తెలియదట.

తమరి ఆజ్ఞ ప్రకారం ఈ రోజు మెడికల్ టెస్టుకు పోయొచ్చాను. పన్ను నొప్పి అని మా మేనేజరు గారికి చెప్పి హాఫ్ డే పెట్టాను. పరగడుపున రమ్మని మెయిల్‌లో రాశారు, స్లాట్ మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇచ్చారు. బాలాజీ కాలనీలో ల్యాబు, బయట మండే ఎండ, లోపల కుర్చీలు చాలక గోడకు ఆనుకున్న జనం. కళ్ళు తిరుగుతుంటే ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. అప్పుడు కౌంటర్లో అమ్మాయి లేచి, హాలంతా వినపడేలా, "ప్రీ-ఎంప్లాయ్‌మెంట్ ఎవరండీ? చెన్నై కంపెనీది, ప్రీ-ఎంప్లాయ్‌మెంట్!" అని పిలిచింది.

ఎదురు కుర్చీలో మా ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టరు.

"ఏం సార్, చెన్నైకి పోతా ఉండారా?"

"లేదన్నా, షుగర్ చూపించుకుందామని."

"ఈ వయసుకే షుగరా!" అని పాపం నిజంగానే జాలిపడ్డాడు. రాత్రిపూట అన్నం మానేసి రాగిసంగటి తినమన్నాడు. రేపు భోజనాల వేళకు నాకు షుగర్ ఉందనో, కొత్త ఉద్యోగం వచ్చిందనో ఫ్యాక్టరీ మొత్తానికి తెలిసిపోతుంది. రెండూ కలిపి కూడా తెలియొచ్చు.

ఇంటికొచ్చి ఫోను తీస్తే తమరి శ్రీముఖం: "కరెంట్ ఎంప్లాయ్‌మెంట్ చెక్: ఇన్‌సఫిషియెంట్. రిపోర్టింగ్ మేనేజరును సంప్రదించేందుకు 48 గంటల్లో అనుమతి ఇవ్వగలరు. లేనిచో ఆఫర్ పునఃపరిశీలించబడును."

సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి అన్నీ వివరిస్తానన్న తమరి హెచ్ఆర్ గారు చేయలేదు. నేను చేస్తే కట్ చేసి, "మీటింగ్‌లో ఉన్నాను" అని రెడీమేడ్ మెసేజ్ పంపారు. సరే, పెద్దవాళ్ళు. తీరిక ఉండదు.

నా బాధ అది కాదు. తమరి ఫారంలో పన్నెండో పేజీ. ఎర్ర చుక్క పెట్టిన గళ్ళు: మేనేజరు పేరు, హోదా, ఫోన్ నంబరు, ఆఫీసు మెయిల్ ఐడీ. వాటి కింద చిన్న అక్షరాల్లో, "వీరిని ఇప్పుడే సంప్రదించవచ్చునా? అవును / కాదు." ఎంత మర్యాద! నేను "కాదు" దగ్గర టిక్ పెట్టాను. అక్కడే కారణం అడిగితే అదీ రాశాను, "ఇంకా రాజీనామా చేయలేదు" అని. తమరు దాన్ని చదివి "వివరాలు సరిపోవు" అన్నారు. మరి "కాదు" అనే గడి ఎందుకు పెట్టినట్టు? అలంకారానికా?

ఇక మూడో పేజీ. రాజీనామా ఆమోదం పొందిన మెయిల్ కాపీ జత చేస్తేనే జాయినింగ్ తేదీ ఖరారు. ఏడో పేజీ. వెరిఫికేషన్లో ఏ తేడా వచ్చినా, వ్యాపార అవసరాలు మారినా, కారణం చెప్పకుండా ఆఫర్ వెనక్కి తీసుకునే హక్కు కంపెనీకి కలదు. అంటే నేను ముందు నా చేతిలోని ఉద్యోగం వదిలి రసీదు పంపాలి. తమరు ఆ రసీదు ఫైల్లో పెట్టుకుని, నేను తగినవాడినో కాదో తీరిగ్గా విచారించుకుంటారు.

షరతుల గురించి తిరుపతి వాళ్ళకు చెబుతున్నారా, స్వామీ? మా ఊరు బతికేదే షరతుల మీద. ఉద్యోగం వస్తే తలనీలాలు ఇస్తా, బిడ్డ పుడితే అలిపిరి నుంచి మెట్లెక్కి వస్తా. దేశం నలుమూలల నుంచి జనం కొండకొచ్చి చేసుకునేవన్నీ తమరి లాంటి ఒప్పందాలే. కానీ కొండమీది వెంకన్న, ముందు నువ్వు గుండు కొట్టించుకుని, కళ్యాణకట్ట టోకెన్ స్కాన్ చేసి అప్‌లోడ్ చేయి, కోరిక సంగతి తర్వాత చూద్దాం అని ఏనాడూ అనలేదు. పని అయ్యాకే తీసుకుంటాడు. తమరికంటే పెద్ద సంస్థ, గమనించగలరు.

గుండు అంటే గుర్తొచ్చింది. తమరి పీడీఎఫ్ వచ్చిన రాత్రే మా అమ్మ నా తల మొక్కేసింది. కింద షరతులున్నాయమ్మా అన్నా వినలేదు. ఇప్పుడు ఆ మొక్కు ఎప్పుడు తీర్చాలి? మా ఆఫీసులో ఎవరైనా గుండుతో వస్తే గుడ్ మార్నింగ్ కంటే ముందు "ఏం మొక్కు?" అని అడుగుతారు. వేరే ఊళ్ళలో రాజీనామా గురించి మెయిల్ రాయాలి. ఇక్కడ తల చూపిస్తే చాలు.

ఎప్పుడు చెప్పాలో నేను అడగనివాళ్ళు లేరు. అమ్మ మాట, పని పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది. బెంగళూరులో ఉన్న బామ్మర్ది మాట, "ఆఫర్ చేతికొచ్చింది కదా బావా, పేపర్ పెట్టేయ్." వాడికి నెలకో ఆఫర్ వస్తుంది, వాడి లెక్క వేరు. నాకు ఇక్కడ నోటీసు 90 రోజులు. తమరు 30 రోజుల్లో చేరమన్నారు. మిగతా రోజులకు డబ్బు కట్టి బయటపడమన్నారు. ఆ డబ్బు తిరిగిస్తారట, జీతంలో కాదు, "కంపెనీ విచక్షణ మేరకు". దాని మీద, ఐదేళ్ళు నిండితే గానీ చేతికి రాని గ్రాట్యుటీని కూడా సీటీసీలో, అంటే నా మీద కంపెనీకయ్యే ఏడాది మొత్తం ఖర్చులో, కలిపి చూపించి, జీతం పెంచాం అంటున్నారు. అంతటి ఉదారతకు ధన్యవాదాలు చెప్పడానికి మాటలు చాలవు.

ముందే చెబితే ఏమవుతుందో మా లైన్లోనే చూశాను. మా క్వాలిటీలో ఒకాయన తమరి లాంటి దాన్నే నమ్మి, నిజాయితీగా ఉందామని ముందే చెప్పేశాడు. మేనేజరు చేయి కలిపి అభినందించాడు. ఆ సాయంత్రమే కస్టమర్ ఆడిట్ బాధ్యత ఇంకొకరికి పోయింది. ఆ ఏడాది ఇంక్రిమెంటు లిస్టులో పేరు లేదు. ఆఖరి రోజు కేకు కోశాం, అందరం చందా వేసి ఫ్రేము కట్టించిన స్వామి పటం ఇచ్చాం. తర్వాతి వారం అవతలి కంపెనీ "హైరింగ్ హోల్డ్‌లో పెట్టాం" అంది. బతిమాలుకుంటే ఇక్కడ మళ్ళీ తీసుకున్నారు, కాంట్రాక్టు మీద. ఆ పటం ఇప్పుడు ఆయన టేబుల్ మీదే ఉంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే ఆయనకు నరకం.

రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు కదా అంటారేమో. దానికి చరిత్ర ఉంది లెండి. 1977 మేలో అలహాబాద్ హైకోర్టు జడ్జి ఒకరు ఆగస్టు 1 నుంచి దిగిపోతానని రాష్ట్రపతికి రాసి, జూలైలో మనసు మార్చుకుని ఆ లేఖ వెనక్కి తీసుకున్నారు. ఆ తేదీ రాకముందు తీసుకుంటే చెల్లుతుందని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. జడ్జిగారికి సుప్రీంకోర్టు ఉంది. నాకు హెచ్ఆర్ పోర్టల్ ఉంది. అందులో "విత్‌డ్రా" బటన్, మేనేజరు "అప్రూవ్" నొక్కిన క్షణం మాయమవుతుంది.

పోనీ, తమరి మీదే కేసు వేద్దామా? ఒప్పుకున్నట్టు కబురు పంపేలోపు ప్రతిపాదన వెనక్కి తీసుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఒప్పుకున్నాక కూడా షరతు నెరవేరలేదని తప్పుకోవడానికి తమరి ఏడో పేజీ ఉండనే ఉంది. అన్నీ చూసుకునే పుట్టారు తమరు.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు.

నేను ఇక్కడ పనిచేస్తున్నానా లేదా అన్నది తెలుసుకోవడానికి మా మేనేజరును అడగాల్సిన పనే లేదు, అది నీకూ తెలుసు. నా యూఏఎన్, అదే పీఎఫ్ నంబరు, తీసుకున్నావు. పీఎఫ్ పాస్‌బుక్కులో ప్రతి నెలా ఏ కంపెనీ ఎంత కట్టిందో వరుసగా ఉంది. పే స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఇచ్చాను. పాత కంపెనీల రిలీవింగ్ లెటర్లు ఇచ్చాను, వాళ్ళకు ఫోన్ చేసుకో, ఎంతసేపైనా మాట్లాడుకో. ఇప్పటి కంపెనీని మాత్రం మనిషి చేరాక అడుగుతారు. చాలాచోట్ల పద్ధతి అదే. నీకు ఆ పద్ధతి తెలియదని నేను నమ్మను. వెనక్కి పోయే దారి లేనివాడు జీతం బేరమాడడు, జాయినింగ్ తేదీ జరిపినా నోరెత్తడు. నీకు కావాల్సింది అలాంటివాడు.

ఇక్కడ మా మేనేజరు దేవుడేమీ కాదు. ఆదివారం పొద్దున ఆరింటికి గ్రూపులో ఫోటోలు పెట్టి "ఈ డిఫెక్ట్ ఎవరిది?" అని అడిగే మనిషి. ఉగాదికి సెలవు అడిగితే ఆడిట్ అంటాడు. కానీ మా నాయనకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నేను నోరు తెరిచి అడగకముందే నా నైట్ షిఫ్టులన్నీ ఆయన వేసుకున్నాడు. "నువ్వు ఆడ ఉండప్పా, ఈడ నేను చూసుకుంటా" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తి నన్ను ఇరికించలేదు, అప్రైజల్లో కూడా.

అలాంటి మనిషికి, నేను పోతున్న సంగతి ఎలా తెలియాలి? నోయిడాలోనో పుణెలోనో కూర్చుని, ఆయన పేరు కూడా సరిగ్గా పలకలేని ఏజెన్సీ కుర్రాడు ఫోన్ చేసి, "మీ దగ్గర పనిచేసే ఫలానా వ్యక్తి ప్రవర్తన ఎలాంటిది? మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటారా?" అని అడిగితే తెలియాలా? ఆయన లైన్ మీద నిలబడి ఉంటాడు, చెవిలో ప్లగ్గులు, చుట్టూ ఆపరేటర్లు. రెండుసార్లు "ఎవరు? ఎవరు?" అని గట్టిగా అడుగుతాడు. నా పేరు గట్టిగానే వినపడుతుంది. నేను అక్కడే, పది అడుగుల దూరంలో ఉంటాను. ఆ పది అడుగులూ నడిచి వెళ్ళి ఆయనకు నేను ఏం చెప్పాలి? పన్ను నొప్పి తగ్గిందనా?

నువ్వు ఉద్యోగం ఇవ్వు, ఇవ్వకపో. ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం నా ఇష్టం. ఆ గడిలో టిక్ నేను మార్చను. 48 గంటలు కాదు, 48 రోజులిచ్చినా మార్చను. మెడికల్ రిపోర్టు వస్తుంది, చదువు సర్టిఫికెట్లు యూనివర్సిటీ నుంచి వస్తాయి, చిరునామా చూసుకోవడానికి మనిషిని పంపావు, మా అమ్మ కాఫీ ఇచ్చి పంపింది. అవన్నీ ముగించుకుని, "షరతులన్నీ నెరవేరినవి" అన్న ఒక్క వాక్యం, సంతకంతో, తేదీతో పంపు. ఆ మరుసటి రోజు షిఫ్టు మొదలవక ముందే నేను ఆయన క్యాబిన్‌కు వెళ్తాను. తలుపు వేసి చెబుతాను. తిడితే పడతాను. 90 రోజులు ఉండమంటే ఉంటాను, నా పని ఇంకొకరికి నేర్పి మరీ పోతాను. పోయాక నా బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది, అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అది అడగాల్సినప్పుడు మా హెచ్ఆర్‌ను అడుగుతాను. ఆ గొడవ మాకూ మాకూ మధ్య.

అంతదాకా ఆయన నంబరు నీకు ఇవ్వను. ఫారంలో రాసింది ఎవరి నంబరో కనుక్కుందామని ఫోన్ చేసేవు. అది నాదే.

ఇట్లు,
తమరి "ఎంపికైన అభ్యర్థి" (తాత్కాలికం)