మోనోకు జరిగిన అన్యాయం

రసాయన శాస్త్రంలో పరమాణువుల లెక్క చెప్పే డై (రెండు), ట్రై (మూడు), టెట్రా (నాలుగు), పెంటాలు (అయిదు) సమయోజనీయ సమ్మేళనం (పరమాణువులు ఎలక్ట్రాన్‌లను పంచుకుని ఏర్పడేది) పేరులో ముందైనా వెనకైనా దర్జాగా కూర్చుంటాయి. ‘ఒకటి’ అని చెప్పే మోనో ఒక్కదానికే ముందు వరుసలో కుర్చీ లేదు. మొదటి మూలకం పరమాణువు ఒక్కటే ఉంటే ‘ఆ మాత్రం తెలీదా’ అని వదిలేస్తారు. రెండోది ఒక్కటే ఉంటే మాత్రం చెప్పి తీరాలి. అందుకే కార్బన్ మోనాక్సైడ్. మోనోకార్బన్ అని మొదలుపెట్టారో, మార్కు గోవిందా.

పోనీ, ఆ వెనక వరుసలో మోనో చేసే పని చిన్నదా? కార్బన్ డయాక్సైడ్ మనం రోజంతా ఊపిరితో బయటికి వదిలేదే. అందులో ఒక్క ఆక్సిజన్ తగ్గితే వచ్చే వాయువుకు రంగుండదు, వాసనుండదు. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని ప్రాణం తీస్తుంది. ‘జాగ్రత్త, ఇది అది కాదు’ అని హెచ్చరించేది పాపం మోనోనే.

అంత బాధ్యత మోస్తున్నదానికి ఒంటి మీద ఉన్న ‘ఓ’ కూడా మిగల్చలేదు. పెంటా, ఆక్సైడ్ కలిస్తే పెంటాక్సైడ్. వినడానికి అచ్చం సవర్ణదీర్ఘమే, సరే. డయాక్సైడ్‌లో యడాగమం అని సర్దుకుందాం. మోనో, ఆక్సైడ్ కలిసి మోనాక్సైడ్ కావడం ఏ సంధి? మన వ్యాకరణంలో అయితే ‘బహుళం’ అని చేతులు దులుపుకునేవాళ్లం. రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ కూడా అదే చేసింది. 2005 సిఫార్సుల్లో, లెక్క చెప్పే ఉపసర్గల చివరి అచ్చు తీసేయొద్దని చెప్పి, వాడుకలో ఉంది కదా అని మోనాక్సైడ్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అచ్చు పోయినవాడికి ఓదార్పు అన్నమాట.

నీళ్లను డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అని పిలిచేవాళ్లు కూడా ఉన్నారు. జనాన్ని హడలగొట్టడానికి. అక్కడా బద్నాం అయ్యేది మోనోనే!

అసలు లెక్క చెప్పేవాళ్లకు ఇక్కడ గౌరవం లేదని నాకు పదో తరగతిలోనే అర్థమైంది. ఒక క్యాల్షియం, రెండు క్లోరిన్‌లు కనిపిస్తే నిజాయితీగా క్యాల్షియం డైక్లోరైడ్ అని రాశాను. సారు ఎర్ర పెన్నుతో ‘డై’ చుట్టూ సున్నా చుట్టి, అర మార్కు కోశారు. అయానిక సమ్మేళనాల్లో (విద్యుదావేశమున్న అయాన్‌లతో ఏర్పడేవి) లెక్క చెప్పకూడదట, ఆ ఆవేశాలను బట్టి తెలుసుకోవాలట. అదే పుస్తకంలో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఉంది. ఫాస్ఫరస్‌లు ఎన్నో చెప్పనే చెప్పదు. ఆక్సిజన్‌లు అయిదంటుంది. దాని అణువులో ఉన్నవేమో నాలుగు ఫాస్ఫరస్‌లు, పది ఆక్సిజన్‌లు. దానికి ఎవరూ మార్కు కోయలేదు.